బంతియాటల పుట్టుపూర్వోత్తరములు

మేము పనిచేయు పాఠశాల వెనుక ఒక బయలు గలదు. సాయంకాలము గంట కొట్టగానే మగపిల్లలు బ్యాట్లును బంతులును తీసికొని ఆ బయలున దిగుదురు. ఈ యేడు తొమ్మిదవ తరగతి బాలికలు పదిమంది మా యొద్దకు వచ్చి, వారమునకు రెండు దినములు ఆ బయలు తమకును ఇప్పింపవలసినదని అడిగిరి. కోరిక న్యాయమైనది గనుక మేము సరే యంటిమి. మఱునాడు ఆ పిల్లలలో ఒకతె తాతగారు పాఠశాలకు వచ్చిరి. మంచివారు, చదువుకొన్నవారు, ఆడపిల్లల చదువునకు ఎన్నడును అడ్డు చెప్పినవారు కారు. అట్టివారు మాతో నిట్లనిరి: "మాస్టారూ, చదువు సరే. ఈ క్రికెట్టు మాత్రము ఆదినుండియు మగవారి ఆట. దొరలు తమకొఱకు పెట్టుకొన్న ఆట. అందులో మన పిల్లలెందుకు చెప్పండి?"

అప్పటికి మేము మర్యాదగా ఏదో చెప్పి వారిని పంపితిమి గాని, ఆ "ఆదినుండియు" అను మాట మాత్రము మా మనస్సును విడువలేదు. మన దేశమున ఏ ఆచారమును గూర్చి ప్రశ్నించినను మొట్టమొదట వచ్చు సమాధానము అదియే గదా! మన పూర్వులు బాల్యవివాహమును ప్రశ్నించినప్పుడును, వితంతువుల దుఃఖమును ప్రశ్నించినప్పుడును వారికి ఈ జవాబే వచ్చెను. ఆదిని చూచినవారెవరు, చూచి వ్రాసిపెట్టిన కాగితమేది అని తిరిగి అడిగినవారు మాత్రము అన్ని కాలములందును కొలదిమందియే. ఆటలు చిన్న విషయమని కొంద రనుకొనవచ్చును. చిన్న విషయమునందు పరీక్ష సుళువు. కనుక క్రికెట్టును, దానికి తోబుట్టువని చెప్పదగిన బేస్‌బాలు అను అమెరికావారి ఆటయు ఎక్కడ, ఎవరి చేతులలో పెరిగెనో దొరకిన కాగితములను బట్టి విచారింతము.

ఇంగ్లాండు దేశమున లండను నగరమునకు నైరృతి దిక్కున సర్రే అను మండలము గలదు. అందు గిల్‌ఫర్డు ఒక పాత పట్టణము. 1598వ సంవత్సరము జనవరి నెలలో (నాటి పాత లెక్క ప్రకారము 1597) అచ్చట ఒక చిన్న నేలను గూర్చి వ్యాజ్యము నడిచెను. ఆ నేలను పూర్వము ఎవరు వాడుకొనిరి అనునది ప్రశ్న. ఏబదితొమ్మిదేండ్ల జాన్ డెరిక్ అను పెద్దమనిషి, అసహజ మరణములను విచారించు రాణిగారి అధికారి, ప్రమాణము చేసి సాక్ష్యము చెప్పెను. తాను గిల్‌ఫర్డు ఉచిత పాఠశాలలో చదువుకొను దినములలో, తానును తోడి బాలురును ఆ నేలపై పరుగులిడుచు క్రికెట్టును ఇతర క్రీడలను ఆడుకొనుచుండిరని ఆయన చెప్పిన మాట విచారణ పత్రములకెక్కెను. లెక్క చూడగా అది 1550 ప్రాంతపు ముచ్చట. క్రికెట్టును గూర్చి సందేహము లేక చూపదగిన మొదటి సాక్ష్యమిదియే.

చదువరులు ఇచ్చట ఒకటి గమనింపవలెను. జాన్ డెరిక్ ఆటను పొగడుటకు న్యాయస్థానమునకు రాలేదు. నేల తగవులో ఆట మాట ప్రసక్తివశమున వచ్చినది. దానికి ప్రాచీనత కల్పింపవలెనను కోరిక ఆయనకు లేదు. కల్పించినందున ఆయనకు వచ్చు లాభమును లేదు. చరిత్రకారుడు ఇట్టి సాక్ష్యమును బంగారమువలె చూచుకొనును.

తరువాత 1611లో కాట్‌గ్రేవ్ అను పండితుడు ప్రకటించిన ఫ్రెంచి ఆంగ్ల నిఘంటువున, బాలురు క్రికెట్టాడు వంకర కఱ్ఱ యొకటి ప్రస్తావింపబడినది. అనగా అప్పటికిని అది పిల్లల ఆటయే. ఆ యేడే సస్సెక్సు మండలమందలి సిడిల్‌షమ్ గ్రామమున ఇద్దరు పురుషులు ఆదివారమునాడు ప్రార్థనకు పోక క్రికెట్టాడుచు పట్టుబడి జరిమానా చెల్లించిరి. పిల్లల ఆట పెద్దల చేతికి వచ్చుచున్న జాడ అక్కడ కనబడుచున్నది. ఏ దొరయు ఏ దినమునను కూర్చుండి ఈ ఆటను "పెట్టిన" జాడ మాత్రము ఎచ్చటను లేదు.

ఈ ముచ్చట తరగతిలో చెప్పినప్పుడెల్ల ఎవడో యొక విద్యార్థి లేచి, "మన బిళ్ళంగోడే క్రికెట్టునకు తల్లి గాదా, మాస్టారూ?" అని అడుగును. వాని యభిమానము మాకు సంతోషమే. మహాభారతము ఆదిపర్వమున కురుబాలకులు ఆడుకొనుచుండగా "వీటా" అనునది నూతిలో బడుటయు, ద్రోణుడు రెల్లుపుల్లలను ఒకదానిని ఒకదానితో గ్రుచ్చి దానిని పైకి దీయుటయు గలదు. ఆ వీటను వ్యాఖ్యాతలలో కొందరు కొయ్యబిళ్ళగానే చెప్పిరి. కనుక కఱ్ఱతో బిళ్ళను కొట్టు వేడుక మన దేశమున మిక్కిలి పాతదై యుండవచ్చును. అయినను పోలిక వేఱు, సంతతి వేఱు. కఱ్ఱయు, గుండ్రని వస్తువును, ఖాళీ నేలయు ఉన్నచోట ఏ దేశపు పిల్లవాడైనను రెండవదానిని మొదటిదానితో కొట్టక మానడు. ఒకరినుండి ఒకరు నేర్చిరని చెప్పుటకు నడుమ త్రోవ చూపవలెను. సర్రే పిల్లలకు మన బిళ్ళంగోడు చేరిన త్రోవను ఇంతవరకు ఎవరును చూపలేదు. మనవారి గొప్ప కొఱకు మనము ఈ నియమమును సడలించినచో, ముందు రాబోవు అమెరికావారి కథను చూచి నవ్వుటకు మనకు అర్హత యుండదు.

1744వ సంవత్సరము ఈ రెండాటల చరిత్రలోను ముఖ్యమైనది. ఆ యేడు లండనులో కొందరు పెద్దమనుష్యులు చేరి క్రికెట్టునకు నిబంధనలు వ్రాయించిరి. వికెట్ల నడుమ దూరము 22 గజములని, వికెట్టు ఎత్తు 22 అంగుళములని అందు గలదు. వ్రాయుటకు కారణము క్రీడాభిమానము మాత్రమే కాదు. నాటి ప్రభువులు ఈ ఆటపై పెద్దమొత్తములు పందెము కాయుచుండిరి. పందెమున్నచోట తగవుండును, తగవున్నచోట వ్రాతమూలమైన నియమము కావలసివచ్చును.

ఆ 1744లోనే లండను పుస్తకవర్తకుడు జాన్ న్యూబెరీ పిల్లల కొఱకు ఒక చిన్న బొమ్మల పుస్తకము వెలువరించెను. ఒక్కొక్క పుటలో ఒక్కొక్క ఆట బొమ్మ, దాని క్రింద చిన్న పద్యము, ఒక నీతి. అందు క్రికెట్టునకు ఒక పుట గలదు. బేస్‌బాలునకు ఒక పుట గలదు. అచ్చులో బేస్‌బాలు పేరు మనకు దొరకుట అదియే మొదలు. బొమ్మలో బాలురు గుంజల యొద్ద నిలిచియున్నారు. ఒకని చేత బంతి యున్నది. బ్యాటు మాత్రము కానరాదు. నాటి ఆంగ్ల బేస్‌బాలున అనేకపర్యాయములు బంతిని ఉత్తచేతితోనే కొట్టుచుండిరని పరిశోధకుల నిర్ణయము. అనగా ఒకే నగరమున, ఒకే సంవత్సరమున ఒక ఆటకు పెద్దల శాసనమును, రెండవ ఆటకు పిల్లల పద్యమును లభించెను. తరువాత ఆ రెండింటి గతులు వేఱైనవి గాని ఉయ్యాల ఒక్కటియే.

ఇక మా తాతగారి ప్రశ్నకు వత్తము. 1745వ సంవత్సరము జూలై 26వ తేదీన గిల్‌ఫర్డునకు చేరువనున్న గాస్డెన్ అను ఊరుమ్మడి బయలున ఒక క్రికెట్టు పందెము జరిగెను. బ్రామ్లీ గ్రామమువారు పదునొకండుగురు ఒక ప్రక్క. హాంబుల్డన్ గ్రామమువారు పదునొకండుగురు ఒక ప్రక్క. హాంబుల్డన్ వారు 127 పరుగులు, బ్రామ్లీ వారు 119 పరుగులు తీసిరి. ఈ ఇరువదియిద్దరును కన్యలు. అందరును తెల్లని దుస్తులు ధరించిరి. ఒక జట్టు తలలకు నీలపు రిబ్బనులు, ఒక జట్టు తలలకు ఎఱ్ఱ రిబ్బనులు. ఈ వార్తను నాటి రెడింగు మెర్క్యురీ పత్రిక ప్రకటించెను. పురుషుల ఆటకు నిబంధనలు వ్రాయబడిన మఱుసటి యేడే, జాన్ డెరిక్ చిన్ననాడు ఆడుకొన్న గిల్‌ఫర్డు చెంతనే, ఆడపిల్లల పరుగులు లెక్కించి పత్రికలో వేసిరన్నమాట!

బేస్‌బాలు సంగతి చూడుడు. 1748లో హెర్వీ ప్రభువుగారి భార్య తాను వ్రాసిన యొక లేఖలో, యువరాజు ఫ్రెడరిక్ కుటుంబము చలికాలమున పెద్ద గదిలో బేస్‌బాలు ఆడి ప్రొద్దుపుచ్చుచున్నట్లు తెలిపెను. మఱుసటి యేడు సెప్టెంబరులో ఆ యువరాజే సర్రే మండలమందలి వాల్టన్ గ్రామమున ఈ ఆట ఆడెనని ఒక లండను పత్రిక ప్రకటించెను. 1755లో విలియం బ్రే అను యువకుడు, తరువాత సర్రే మండల చరిత్ర రచించి పేరు పొందినవాడు, ఈస్టరు సోమవారము తన దినచర్యలో ఒక చిన్న సంగతి వ్రాసికొనెను. భోజనానంతరము ఒక యువతి యింటికి పోయి అందరును కలిసి బేస్‌బాలు ఆడిరట. పిమ్మట తేనీరు త్రాగి రాత్రి ఎనిమిదింటి దాక అచ్చటనే యుండిరట. ఆడినవారి పేర్లలో సగమునకు పైగా యువతులవే. ఈ దినచర్య చాలకాలము మఱుగునబడి, 2008లో అసలైనదని నిర్ధారింపబడినది. ఇదియు గిల్‌ఫర్డు ప్రాంతపు ముచ్చటయే యగుట చిత్రము.

నవలలు చదువు మా సోదరీమణులు జేన్ ఆస్టెన్ పేరెఱుగుదురు. ఆమె పద్దెనిమిదవ శతాబ్దాంతమున రచింపగా 1817 డిసెంబరులో వెలువడిన నార్తాంగర్ ఆబీ అను నవలలో, కథానాయిక చిన్నతనమున పుస్తకములకంటె క్రికెట్టును, బేస్‌బాలును, గుఱ్ఱపు స్వారిని ఎక్కువగా ఇష్టపడెడిదని మొదటి ప్రకరణముననే గలదు. ఆస్టెన్ దానిని వింతగా చెప్పలేదు. పల్లెటూరి పిల్ల లందరు చేయు పనిగానే చెప్పినది.

ఇంతవఱకు బేస్‌బాలు ఇంగ్లాండులోనే యున్నది. అది సముద్రము దాటిన త్రోవ కొంత స్పష్టమే. వలసపోయినవారు తమ యాటలను వెంట గొనిపోయిరి. న్యూబెరీ బొమ్మల పుస్తకమును 1787లో మాసచూసెట్సు రాష్ట్రమందలి వూస్టరు పట్టణమున మరల అచ్చువేసిరి. 1791లో ఆ రాష్ట్రముననే పిట్స్‌ఫీల్డు అను ఊరివారు క్రొత్తగా కట్టించిన సభామందిరపు కిటికీ అద్దములు పగులకుండుటకై, దానికి 80 గజముల లోపల బేస్‌బాలు, క్రికెట్టు మొదలైన ఆటలు ఆడరాదని కట్టడి చేసిరి. ఆటకు ప్రాచీనత నిరూపించునది పగిలిన అద్దమని ఎవరనుకొందురు! 1796లో జర్మను విద్యావేత్త గుట్స్‌మూత్స్ తన క్రీడల పుస్తకమున ఈ ఆట నియమములను వివరించుచు, దీనిని ఆంగ్లేయుల బేస్‌బాలు అనియే పేర్కొనెను.

అమెరికాలో క్రికెట్టును గలదు. మొట్టమొదటి అంతర్జాతీయ క్రికెట్టు పందెము 1844లో న్యూయార్కు నగరమున అమెరికా, కెనడా జట్లకు జరిగెను. ఇంగ్లాండునకును ఆస్ట్రేలియాకును మొదటి టెస్టు జరిగినది 1877లో. అనగా ముప్పదిమూడేండ్ల తరువాత! ఆ మఱుసటి సంవత్సరము, 1845లో, న్యూయార్కున నికర్‌బాకర్ అను క్లబ్బువారు తమ బేస్‌బాలునకు ఇరువది నిబంధనలు వ్రాసికొనిరి. అంతకుముందు పరుగెత్తువానిని బంతితో కొట్టి ఔటు చేయుట అనేకచోట్ల గలదు. వీరు దానిని నిషేధించిరి. తత్ఫలితముగా గట్టి బంతి వాడుటకు వీలు కలిగెను. 1846 జూన్ 19వ తేదీన హోబోకెన్ బయలున వీరు మఱియొక జట్టుతో ఆడి 23కు 1గా ఓడిపోయిరి. నియమములు వ్రాసినవారే ఓడుట ఒక వినోదము. 1857లో క్లబ్బుల ప్రతినిధులు సభచేసి జట్టుకు తొమ్మిదిమంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు, బేసుకు బేసునకు నడుమ 90 అడుగులు అని స్థిరపఱచిరి. నేటికిని అవియే కొలతలు.

బేస్‌బాలు చూడనివారి కొఱకు ఒక మాట. క్రికెట్టున బ్యాటు పట్టినవానికి కాపాడుకొనవలసిన వికెట్టు గలదు. బంతిని కొట్టినను పరుగెత్తితీరవలెనను నిర్బంధము లేదు. పరుగు ఎదురెదురుగా సాగును. బేస్‌బాలున వికెట్టు లేదు. చతురస్రపు నాలుగు మూలలలో నాలుగు మజిలీలు గలవు. బంతిని బయలులోపలికి కొట్టినవాడు పరుగెత్తితీరవలెను. అన్నియు చుట్టి బయలుదేరినచోటికి చేరినప్పుడే ఒక పరుగు. ఇట్లు వేఱైనను రెంటను మొదట బంతిని భుజముక్రిందనుండియే విసరెడివారు. భుజముపైనుండి వేయుటకు క్రికెట్టున 1864లోను, బేస్‌బాలున 1884లోను అనుమతి కలిగెను. ఒకటి తల్లి, ఒకటి బిడ్డ యనుటకంటె, ఒకే పల్లె బయలున పెరిగిన అక్కచెల్లెండ్రనుట న్యాయము.

అమెరికాలో అంతర్యుద్ధానంతరము బేస్‌బాలు దేశమంతట వ్యాపించెను. అది ధనమును కీర్తిని తెచ్చు వృత్తియయ్యెను. అప్పుడు దానికి గోత్రనామములు కావలసివచ్చెను. 1889లో న్యూయార్కున జరిగిన విందులో, ఒకప్పుడు నేషనల్ లీగు అధ్యక్షుడైన ఏబ్రహాం మిల్సు ఈ ఆట అచ్చముగా అమెరికాలోనే పుట్టినదని ప్రకటింపగా సభికులు కేకలతో ఆమోదించిరి. హెన్రీ చాడ్విక్ అను పత్రికారచయిత మాత్రము, తాను ఇంగ్లాండున జన్మించి బాల్యమున ఆడిన రౌండర్సు అను ఆటనుండియే ఇది వచ్చినదని చెప్పుచుండెను. ఆటసామగ్రి అమ్మి కోటికి పడగలెత్తిన ఆల్బర్టు స్పాల్డింగునకు ఆ మాట రుచింపలేదు. ఆయన ప్రోత్సాహమున 1905లో నిజము తేల్చుటకై ఒక సంఘమేర్పడెను. దానికి పెద్ద ఎవరు? ఆ మిల్సుగారే! తీర్పు ముందు, విచారణ తరువాత.

సంఘమువారు ప్రజలను ఉత్తరములు వ్రాయుడని కోరిరి. డెన్వరు నగరమునుండి ఆబ్నర్ గ్రేవ్స్ అను గనుల ఇంజనీరు వ్రాసెను: 1839లో న్యూయార్కు రాష్ట్రమందలి కూపర్స్‌టౌను గ్రామమున ఆబ్నర్ డబుల్‌డే అనునతడు ఈ ఆటను కనిపెట్టుట తాను చిన్ననాడు ఎఱుగుదునని. ఈ డబుల్‌డే అంతర్యుద్ధమున పేరుపొందిన సేనానాయకుడు. 1861లో సమ్టర్ కోటనుండి ఉత్తరపక్షపు మొదటి ఫిరంగి పేల్పించినవాడు. దేశపు ఆటకు దేశపు వీరుడే తండ్రి! ఇంతకంటె ఏమి కావలెను? 1907 డిసెంబరు 30వ తేదీన మిల్సు ఆ ప్రకారమే తన నిర్ణయము వ్రాసెను.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లున్నది ఈ తీర్పు. 1839 నాటికి గ్రేవ్స్ అయిదేండ్ల పసివాడు. డబుల్‌డే 1838లోనే వెస్టు పాయింటు సైనిక కళాశాలలో చేరియుండెను. అతడు 1893లో చనిపోవునప్పటికి ఎన్నియో వ్రాతలు వ్రాసెను గాని, బేస్‌బాలును తాను కనిపెట్టితినని ఎన్నడును చెప్పలేదు. మిల్సు అతనిని స్వయముగా ఎఱిగినవాడు. స్నేహితుడు బ్రదికియుండగా అంత గొప్ప సంగతి ఒక్కసారియైనను వినబడకుండుట ఆయనకు వింతగా తోపలేదు. వలసిన కథ దొరికినప్పుడు మనుష్యునకు సందేహము పుట్టదు.

కథ కంచికి పోవుటకు బదులు కూపర్స్‌టౌనునకు పోయెను. 1939 జూన్ 12వ తేదీన, ఆట పుట్టి నూఱేండ్లు నిండెనని, ఆ గ్రామమున క్రీడాకారుల కీర్తిమందిరమును తెఱచిరి. తపాలా బిళ్ళ వేసిరి. ఆ యేడే న్యూయార్కు ప్రజా గ్రంథాలయమున పనిచేయు రాబర్టు హెండర్సన్ పాత పిల్లల పుస్తకములను పేర్చి చూపి, ఈ ఆట ఇంగ్లాండునుండి వచ్చినదని నిరూపించెను. ఉత్సవమున వాద్యములు మ్రోగుచుండగా గ్రంథాలయోద్యోగి మాట ఎవరికి వినబడును? అయినను నిలిచినది ఆయన మాటయే. తరువాత డేవిడ్ బ్లాక్ 2005లో ప్రకటించిన గ్రంథమున మఱియొక మెట్టు ఎక్కి, రౌండర్సు అను పేరు 1820లకు ముందు అచ్చులో కనబడదని, బేస్‌బాలు పేరు అంతకు ఎనుబదేండ్లు ముందేయున్నదని చూపెను. అనగా చాడ్విక్ దేశమును సరిగా చెప్పెను గాని తల్లిని సరిగా చెప్పలేదు. నిజమిట్లు ఒక పక్షమునకు పూర్తిగా వశపడక నిలుచును.

మేమును ఈ పరీక్షకు లోబడవలసియున్నది. క్రికెట్టు చరిత్రలో మాకు ఎంతయో ఇష్టమైన కథ యొకటి గలదు. బంతిని భుజమెత్తున చేయి త్రిప్పి వేయు పద్ధతిని క్రిస్టియానా విల్లిస్ అను యువతి కనిపెట్టెనట. తన వెడల్పు పావడ క్రిందిచేతి విసరుటకు అడ్డుపడగా ఆమె చేయి పైకెత్తెనట. సోదరుడు జాన్ విల్లిస్ దానిని చూచి నేర్చెనట. జాన్ విల్లిస్ 1822లో లార్డ్స్ మైదానమున అట్లు బంతివేసి నోబాలనిపించుకొనుట నిజము. ఆ పద్ధతికి 1835లో అనుమతి కలుగుటయు నిజము. సోదరి కథకు మాత్రము నాటి సాక్ష్యము లేదు. పైగా ఆ కాలమున అట్టి వెడల్పు పావడలు వాడుకలో లేవని ఎఱిగినవారు చెప్పుచున్నారు. మా పక్షమునకు ఎంత బలము చేకూర్చినను ఈ కథను మేము డబుల్‌డే కథ ప్రక్కనే పెట్టవలసివచ్చినది. బ్రామ్లీ కన్యలకు పత్రికావార్త యుండగా కట్టుకథ సాయ మెందుకు?

ఇక బాలికలు ఏమైరి? ఆట పల్లె బయలునుండి క్లబ్బు ఆవరణమునకు పోయినకొలది వారు వెలుపల నిలిచిపోయిరి. క్రికెట్టు నియమములకు నేటికిని కర్త యైన మేరిల్‌బోన్ క్లబ్బు 1787లో పుట్టెను. అది స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు 1998లో సమ్మతించెను; ఇన్నూట పదునొకండేండ్లు పట్టెను! అమెరికాలో వాసర్ కళాశాల విద్యార్థినులు 1866లోనే బేస్‌బాలు క్లబ్బులు పెట్టుకొనిరి. 1943 మొదలు 1954 వఱకు స్త్రీలకు వృత్తి లీగు నడిచెను. అయినను 1952లో చిన్న లీగులవారు స్త్రీలతో ఒప్పందములు చేసికొనరాదని శాసించిరి. త్రోయబడినవారు స్త్రీలు మాత్రమే కారు. నల్లవారున్న క్లబ్బులను చేర్చుకొనరాదని బేస్‌బాలు సంఘము 1867లో తీర్మానించెను. 1947లో జాకీ రాబిన్సన్ పెద్ద లీగున అడుగుపెట్టువఱకు ఆ గోడ కూలలేదు. ముందు వెలివేయుట, పిమ్మట "వీరు ఆదినుండియు లేరు" అనుట: ఇదియే క్రమము.

మన దేశమునకు క్రికెట్టు 1721లో ఖంబాతు రేవున ఈస్టిండియా కంపెనీ నావికుల వెంట వచ్చినట్లు సాక్ష్యము గలదు. ఇచ్చటను వెలి తప్పలేదు. 1911లో ఇంగ్లాండు యాత్రలో నూఱింటికి మించి వికెట్లు తీసిన పల్వంకర్ బాలూ, అంటరానివాడనబడిన కులమువాడగుటచే హిందూ జట్టునకు నాయకుడు కాలేకపోయెను. ఆయన తమ్ముడు విఠల్ 1923లో అయ్యెను. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టిన సి. కె. నాయుడు 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టు జట్టును నడిపెను. స్త్రీల ప్రపంచ కప్పు మొదట జరిగినది 1973లో, పురుషులది 1975లో. ఈ సంగతి చెప్పినప్పుడు నమ్మని చదువుకొన్నవారిని మేము చూచితిమి. హైదరాబాదున పెరిగిన మిథాలీ రాజ్ 2017లో లార్డ్స్‌లో మన జట్టును తుదిపోరునకు గొనిపోయి తొమ్మిది పరుగుల తేడాతో ఓడెను. 2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో మన స్త్రీలు ఆ కప్పును గెలిచిరి. కడప సీమనుండి వచ్చిన శ్రీచరణి ఆ జట్టున నుండెను.

ఆదివారమునాడు మేము తాతగారి యింటికి పోయి ఈ సంగతులన్నియు చెప్పితిమి. బ్రామ్లీ కన్యల రిబ్బనులు, పిట్స్‌ఫీల్డు అద్దములు, డబుల్‌డే కథ వారు శ్రద్ధగా వినిరి. మనుమరాలు తలుపు ప్రక్కన నిలిచి వినుచుండెను. విలియం బ్రే దినచర్య వినినప్పుడు మాత్రము తాతగారు కొంచెము కదిలి కూర్చుండిరి. చాలసేపు ఊరకుండి, "కాగితమున్నదంటిరి గనుక నేను కాదనను, మాస్టారూ. ఆదినుండియు లేదని ఇక అనను" అనిరి. పిమ్మట తలుపువంక చూచి, గొంతు హెచ్చించి, "అయితే ఆ ఇంగ్లాండు పిల్లలవలె రాత్రి ఎనిమిదింటి దాక ఉండుట మాత్రము కుదరదు. ఆఱింటికెల్ల ఇల్లు చేరవలెను" అనిరి.

ఆ పిల్ల అప్పటికే లోపలికి పరుగెత్తినది. బ్యాటు కొఱకని మాకు తరువాత తెలిసినది.